ముత్తాత ఉయిల్ ఎక్కడ వెతకాలి?



మన ఇండ్లలో వంశావళి రాసుకునే పని ఈమధ్య బాగానే జరుగుతా ఉంది. ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరినుంచి ఏ ఊరికి వచ్చినారు, ఎంతమంది కొడుకులు, ఇంతవరకు ముసలివాళ్ళను అడిగి రాస్తున్నారు. సంతోషం. అది అయినాక చాలామంది ఒకే మాట అడుగుతారు. "మా ముత్తాత ఉయిల్ రాసినాడని అవ్వ చెప్పేది. అది ఇప్పుడు యాడ దొరుకుతుంది?" వత్రాప్‌లో అడిగినారు, విరుదునగర్‌లో అడిగినారు, కోవిల్‌పట్టిలో ఒక పెళ్ళి పందిట్లో పంక్తిలో కూర్చోబెట్టుకొని అడిగినారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేదానికంటే ఒకసారి పొడుగ్గా రాసేస్తే మేలని ఇది రాస్తున్నా. ఓపికగా చదవండి.

ముందు మాట సంగతి. తమిళంలో చదువుకున్నవాళ్ళం గనక మనం ఉయిల్ అంటాం. ఆంధ్రలో వీలునామా అంటారు. రెండూ ఒకే ఇంగ్లీషు మాటకు పుట్టిన పిల్లలు. తమిళం దాన్ని నోటికి అనువుగా మార్చుకుంది, తెలుగు దాని వెనక పారసీ "నామా" తగిలించుకుంది. పాత పత్రాల్లో మరణశాసనం అని కూడా రాస్తారు. వెతికేటప్పుడు మూడు పేర్లూ గుర్తుండాలి.

మాట బయటినుంచి వచ్చింది, ఆ అలవాటు కూడా చాలావరకు బయటినుంచే వచ్చింది. మన పూర్వీకుల కాలంలో తండ్రి ఆస్తి కొడుకులకు పోవడానికి కాయితం అక్కర లేదు. కొడుక్కి పుట్టుకతోనే హక్కు. "నేను పోయినాక ఇది ఫలానావాళ్ళకు" అని రాసిపెట్టేది మద్రాసులో ఇంగ్లీషువాళ్ళతో వ్యాపారం చేసిన దుబాసీల కాలంలో బలపడింది. పచ్చయ్యప్ప మొదలియారు ఉయిల్ కథ తమిళనాట అందరూ విన్నదే. 1794 మార్చి 22న రాసినాడు, ఆ నెలాఖరుకు పోయినాడు. గుళ్ళకు, ధర్మాలకు ఆయన రాసిపెట్టిన సొమ్ము కోర్టు వ్యవహారాల్లో దాదాపు యాభై ఏళ్ళు నానింది. కడకు అందులో మిగిలినదానితో 1842లో మద్రాసులో బడి పెట్టినారు. అదే పెరిగి పచ్చయ్యప్ప కాలేజీ అయింది.

సర్కారుకు కూడా హిందువుల ఉయిల్‌ను ఏం చేయాలో చాలాకాలం తెలియలేదు. 1829లో మద్రాసు సర్కారు ఐదో రెగ్యులేషన్ తెచ్చి, హిందువు రాసిన ఉయిల్‌కు హిందూ ధర్మశాస్త్రం ఒప్పుకునేంతవరకే బలం అన్నది. 1856లో మద్రాసు సీమనుంచి లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయిన ఒక కేసులో, హిందువు ఉయిల్ రాయవచ్చని ఒప్పుకున్నారు. 1870లో హిందూ విల్స్ చట్టం వచ్చింది. అయితే మన పక్కన అది మద్రాసు పట్నానికి మాత్రమే. వత్రాప్, సాత్తూర్, కోవిల్‌పట్టి లాంటి ఊళ్ళలో 1927 జనవరి 1 దాకా ఉయిల్ ఇట్లానే రాయాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి అనే కట్టుబాటు లేదు. నోటితో చెప్పినా చెల్లేది!

ఇది చిన్న సంగతి కాదు. "తాత పోయేముందు మంచం చుట్టూ అందరినీ కూర్చోబెట్టుకొని, మిట్టచేను చిన్నోడికి అని చెప్పినాడు" అని మీ ఇంట్లో కథ ఉందనుకోండి. అది 1927కు ముందు జరిగి ఉంటే చట్టం లెక్కలో అదే ఆయన ఉయిల్ కావచ్చు. దానికి కాయితం దొరకలేదని బాధపడే పని లేదు. కాయితం పుట్టనే లేదు. ఆ కథను చెప్పినవాళ్ళ పేరుతో సహా ఇప్పుడు మీరు రాసిపెట్టండి, అదే చాలు.

ఇంకో పెద్ద అడ్డు ఉంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాడు పిత్రార్జితంలో తన భాగాన్ని ఉయిల్‌తో ఇంకొకరికి ఇవ్వలేడు. 1874లో మద్రాసు హైకోర్టు విట్ల బుట్టెన్ కేసులో ఈ మాట గట్టిగా చెప్పింది. మనిషి పోయిన క్షణానే అతని భాగం మిగిలిన అన్నదమ్ములకు, కొడుకులకు చేరిపోతుంది, ఉయిల్ పని చేసేదానికి అక్కడ ఏమీ మిగలదు అని. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా ఇదే పరిస్థితి. మన కరిసల్ నేల రైతులు ఎక్కువమంది ఉమ్మడిగా ఉన్నవాళ్ళే. అందుకే మన ఇండ్లలో బాగపత్రాలు దొరుకుతాయి, క్రయపత్రాలు, ఒత్తిపత్రాలు గంపలకొద్దీ దొరుకుతాయి, ఉయిల్ మాత్రం నూరు ఇండ్లకు ఒకటో రెండో.

అట్లాంటప్పుడు ఆ ఒకటో రెండో రాసినవాడు ఎందుకు రాసినాడు? నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మామూలుగా పోయే దారిలో ఆస్తి పోతే అన్యాయం అయిపోయే మనిషి ఎవరో ఆ ఇంట్లో ఉన్నారన్నమాట. కొడుకులు లేరు, కూతుళ్ళే ఉన్నారు. రెండో పెళ్ళాం ఉంది, ఆమెకు చిన్న పిల్లలు ఉన్నారు. తాళి తెగి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఉంది. దత్తత తెచ్చుకున్న పిల్లవాడు ఉన్నాడు. చాకిరీ చేసి ముసలిదైపోయిన మనిషి ఉంది. వీళ్ళంతా మన వంశావళిలో పేరు లేని మనుషులు. మనం గీసే చెట్టులో తండ్రి కింద కొడుకు, కొడుకు కింద కొడుకు. ఉయిల్ దొరికితే ఆ చెట్టు పక్కన నిలబడినవాళ్ళు కనబడతారు. ఆస్తి లెక్కకోసం ఉయిల్ వెతికేవాళ్ళకు నేను చెప్పేది ఏమీ లేదు, వాళ్ళకు వకీళ్ళు ఉన్నారు.

ఈ మాటకు మంచి సాక్ష్యం మన తెలుగు దేశంలోనే ఉంది. గోదావరి జిల్లా పిఠాపురం. అక్కడి రాజా రావు గంగాధర రామారావుకు పిల్లలు లేకపోతే 1873లో వెంకటగిరి రాజుల ఇంటినుంచి పిల్లవాణ్ణి దత్తత తెచ్చుకున్నాడు. పన్నెండేళ్ళ తరవాత, 1885లో, సొంత కొడుకు పుట్టినాడు. రాజా జమీనంతా ఆ పిల్లవాడికి చెందేటట్టు ఉయిల్ రాసి 1890లో కన్నుమూసినాడు. అప్పటికి పిల్లవాడు బాగా చిన్నవాడు. జమీను కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోయింది. దత్తపుత్రుడు ఊరుకుంటాడా? కేసు వేసినాడు. పెద్ద కొడుకుగా వచ్చింది నేను, భాగాలు కాని జమీను పెద్దవాడికే కదా, దాన్ని ఉయిల్‌తో తప్పించే హక్కు తండ్రికి ఎక్కడిది అని ఆయన వాదం. మామూలు రైతు ఇంట్లో అయితే ఈ వాదం నెగ్గేదే. అయితే భాగాలు కాని జమీను లెక్క వేరు. బతికుండగా దాన్ని అమ్మే, ఇచ్చే అధికారం జమీందారుకు ఉంటే, ఉయిల్‌తో ఇచ్చే అధికారం కూడా ఉన్నట్టే అని 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. చిన్నవాడు గెలిచినాడు.

ఆ చిన్నవాడే రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. తెలుగు చదివేవాళ్ళు ఎవరైనా సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరు విని ఉంటారు. ఆ సూర్యరాయలు ఈయనే. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీని పోషించింది ఈయనే. ఆ ఒక్క ఉయిల్ చెల్లకపోయి ఉంటే ఆ నిఘంటువు మీద వేరే పేరు ఉండేదో, నిఘంటువే ఉండేది కాదో. దత్తపుత్రుడి పక్క కూడా న్యాయం లేకపోలేదు. కన్న ఇంటిని విడిచి ఈ ఇంటికి కొడుకుగా వచ్చినవాడు. ఉయిల్ ఒకరికి నీడ ఇస్తే ఇంకొకరికి ఎండ తగులుతుంది. వెతికి తీసినాక ఇట్లాంటివి కూడా చదవాల్సి వస్తుంది, అందుకు సిద్ధంగా ఉండండి.

ఇంగ్లండులో ఈ పని మనకంటే సులువు. 1858 జనవరినుంచి అక్కడ ఉయిళ్ళన్నీ ఒకే సర్కారు లెక్కలోకి వచ్చినాయి. అంతకు ముందువి చర్చి కోర్టుల్లో ఉండేవి, వాటిని కూడా దాచిపెట్టినారు. షేక్స్పియర్ 1616లో రాసిన ఉయిల్ నేటికీ ఉంది. భార్యకు తన రెండో మంచి మంచం ఇస్తున్నానని అందులో ఒక పంక్తి. ఆ ఒక్క పంక్తి మీద చాలాకాలంగా వాదించుకుంటున్నారు, ప్రేమతో ఇచ్చినాడా, ఎగతాళికి ఇచ్చినాడా అని. మన వాళ్ళు మంచం సంగతి రాయరు. వడ్లు ఎన్ని మరకాళ్ళు, ఏ అర్ర, ఏ బావిలో నీళ్ళు తోడుకోవచ్చు, ఏడాదికి ఎన్ని చీరలు, ఇట్లా రాస్తారు. నన్ను అడిగితే మన లెక్కే వివరంగా ఉంటుంది. ఆ మనిషి ఎట్లా బతికిందో అందులో కనిపిస్తుంది.

మా ఇంటిది ఒకటి చెప్పి ముందుకు పోతా. మా ముత్తాతకు ముగ్గురు కొడుకులని వంశావళిలో ఉండేది, అంతే. ఆయన ఉయిల్ మా చిన్నాయన ట్రంకుపెట్టెలో ఉండేది. ఆయన దాన్ని చేతికి ఇచ్చేవాడు కాదు. ఎదురుగా కూర్చోబెట్టుకొని చదువుకోమన్నాడు. తమిళంలో రాసింది. కీలక సంవత్సరం, ఆవణి నెల, కొల్లం 1084. అంటే 1908. పిత్రార్జితం ఊసు ఎత్తనే లేదు, దాన్ని ముట్టే హక్కు ఆయనకు లేదు. సొంత సంపాద్యంతో కొన్న ఒక మోటబావి, దాని చుట్టూ ఉన్న తోట గురించి మాత్రమే రాసినాడు. "మన ఇంట్లోనే ఉన్న నా కూతురు" బతికున్నంతకాలం ఆ తోట ఫలం ఆమె అనుభవించాలి, వడమటి అర్రలో ఉండాలి, అన్నదమ్ములు ఆమెకు ఏ ఆటంకమూ చేయకూడదు, ఆమె తరవాత తోట కొడుకులకు. కూతురు! ముగ్గురు కొడుకుల కథలో కూతురి మాట ఎవరూ ఎత్తలేదు. చిన్నతనంలోనే తాళి తెగి వచ్చిన పిల్ల. మా చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు "తోటవ్వ పెట్టిన చింతచెట్టు" అనే మాట వాడేవాళ్ళు. తోటకు కాపలా ఉన్న ముసలామె ఎవరో అని పిల్లలందరి లెక్క. ఆ తోటవ్వ మా తాతకు సొంత అక్క. ఇప్పుడు వంశావళిలో నలుగురు ఉన్నారు, ఆమె పేరు మొదట ఉంది, పెద్దది గనక.

చిన్నాయన ఎందుకు ఇయ్యలేదో నాకు తెలుసు, మీకూ తెలుసు. పాత పత్రం బయటికి వస్తే తగాదా వస్తుందని. మన ఊళ్ళలో సగం పత్రాలు ఈ భయంతోనే పెట్టెల్లో చెదలు తింటా ఉన్నాయి. ఆ తోటవ్వ హక్కు ఆమెతోనే తీరిపోయింది, తోట కొడుకుల పాలికి వచ్చేసింది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అయినా ఆయన భయం ఆయనది. అందుకని మీరు అడిగేటప్పుడు "పత్రం ఇయ్యి" అని అడగవద్దు. "చదువుకుంటా, నువ్వు దగ్గరుండు" అనండి. చరిత్రకు కావాల్సింది లోపలి మాటలు. అసలు కాయితం ఎవరి చేతిలో ఉంటే ఏమి?

ఇంట్లో దొరకనివాళ్ళు ఆఫీసుకు పోవాలి. మొదట అందరూ చేసేది విల్లంగం తీయడం. దానికి డబ్బు కట్టి ముప్పై ఏళ్ళది, యాభై ఏళ్ళది తీసి, "ఉయిల్ లేదు" అనుకుంటారు. విల్లంగం తీసేది ఒకటో పుస్తకంనుంచి. క్రయం, ఒత్తి, భాగం, సెటిల్మెంట్ అందులో ఉంటాయి. ఉయిల్ ఉండేది మూడో పుస్తకంలో. దత్తతకు ఇచ్చిన అధికార పత్రాలు కూడా అందులోనే. కాబట్టి విల్లంగంలో లేదంటే ఉయిల్ లేదని అర్థం కాదు.

మూడో పుస్తకం అందరికీ తెరవరు. ఉయిల్ రాసినవాడు బతికున్నంతవరకు ఆయనకో, ఆయన మనిషికో తప్ప నకలు ఇవ్వకూడదు. అయితే రాసినవాడు పోయినాక, అడిగిన ఎవరికైనా నకలు ఇవ్వాలి. ఇది రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్‌లో ఉన్న మాట, 1908 చట్టం. మీరు వారసుడని నిరూపించుకోవాల్సిన పని కూడా ఆ మాటల్లో లేదు. పుస్తకాన్ని మాత్రం మన చేతికి ఇవ్వరు, వెతికేది ఆఫీసరే. రాసినవాడు పోయినాడనేదానికి ఏదో ఒక ఆధారం అడుగుతారు. ఊరి మునసబు కాలంనాటి జననమరణ రిజిస్టరు దొరికితే మంచిది. 1980లో పాత మునసబు, కర్ణం ఉద్యోగాలు ఎత్తివేసినాక ఆ రిజిస్టర్లు ఎవరి దగ్గర చేరినాయో తాలూకా ఆఫీసులో అడగాలి. దొరకకపోతే సమాధి రాయి మీది ఏడాది, కోర్టు కాయితంలో "చనిపోయిన ఫలానా" అని ఉన్న పంక్తి, ఏదైనా పట్టుకొని పోండి. నూట యాభై ఏళ్ళ కిందట పుట్టిన మనిషి పోయినాడని ఆఫీసరుకు కూడా తెలుసు, మర్యాదగా చెబితే వింటారు.

ఎన్ని ఏళ్ళు వెతకాలో దాన్నిబట్టి ఫీజు. అందుకని మనిషి పోయిన ఏడాదిని ముందు పట్టుకోండి. బతికున్నప్పుడే రిజిస్టరు చేసి ఉండొచ్చు, పోయినాక వారసులు తీసుకుపోయి చేయించి ఉండొచ్చు, ఉయిల్‌కు గడువు లేదు. కాబట్టి పోయిన ఏడాదికి ముందు పదేళ్ళు, వెనక ఐదేళ్ళు చూడమనండి. రిజిస్ట్రేషన్ మన పక్కన 1865నుంచి ఉంది, దానికి ముందుది ఈ పుస్తకాల్లో అడిగి లాభం లేదు. ఉయిల్ రిజిస్టరు చేయడం ఎప్పుడూ తప్పనిసరి కాదు, నేటికీ కాదు. అందుకే అన్నీ అక్కడ ఉంటాయనే ఆశ పెట్టుకోవద్దు. ఇంకొందరు కవరులో పెట్టి సీలు వేసి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచిపెట్టేవాళ్ళు. దానికి ఐదో పుస్తకం. అది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరకదు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి.

జిల్లా అంటే ఏ జిల్లా? మనవాళ్ళు తడబడేది ఇక్కడే. వత్రాప్ ఇప్పుడు విరుదునగర్ జిల్లా. 1985 మార్చి 15కు ముందు రామనాథపురం జిల్లా. 1910కి ముందు శ్రీవిల్లిపుత్తూర్ తాలూకా, సాత్తూర్ తాలూకా తిరునల్వేలి జిల్లాలో ఉండేవి. మా ముత్తాత 1908లో ఉయిల్ రాసినప్పుడు ఆయన తిరునల్వేలి జిల్లావాసి, రెండేళ్ళకు ఇల్లు కదలకుండా రామనాథపురం జిల్లావాసి అయినాడు. కోవిల్‌పట్టివాళ్ళది ఇంకో దారి. 1986 అక్టోబర్ 20దాకా తిరునల్వేలి, ఆ తరవాత చిదంబరనార్ జిల్లా, ఇప్పుడు తూత్తుక్కుడి. అక్కడ చాలా ఊళ్ళు ఎట్టయపురం జమీనులో ఉండేవి గనక, 1948 జమీను రద్దు చట్టానికి ముందు భూమి లెక్క సర్కారు పట్టాలో వెతికితే దొరక్కపోవచ్చు, జమీను లెక్కలో ఉంటుంది. ఊరి పేర్లు కూడా మారినాయి. 1923కు ముందు పత్రంలో విరుదునగర్ అని ఉండదు, విరుదుపట్టి అని ఉంటుంది.

కోర్టు సంగతి కూడా మరిచిపోవద్దు. ఉయిల్ మీద అన్నదమ్ములు కొట్టుకొని ఉంటే మీ అదృష్టం! తీర్పులో ఉయిల్ సారాంశం, కుటుంబ చెట్టు, ఎవరు ఎప్పుడు పోయినారు, అన్నీ రాసి ఉంటాయి. హైకోర్టు దాకా పోయిన ముఖ్యమైన కేసులు 1876నుంచి అచ్చయిన మద్రాసు లా రిపోర్టుల్లో ఉన్నాయి. సామరస్యంగా బతికిన కుటుంబానికి ఇంత రాత మిగలదు, ఏం చేస్తాం.

ఇక చదివే తిప్పలు. రైల్వేలో రిజిస్టర్ల మధ్య బతికినవాణ్ణి గనక ఒకటి చెబుతా. రిజిస్టరులో ఉండేది గుమాస్తా చెవికి వినబడిన పేరు. మన తెలుగు పేరు తమిళ అక్షరాల్లోకి పోతే గకు క, బకు ప, దకు త. గోవిందప్ప కోవిందప్ప అవుతాడు, బొమ్మయ్య పొమ్మయ్య అవుతాడు. అమ్మ అని ముగిసే ఆడవాళ్ళ పేర్లు అమ్మాళ్ అవుతాయి. నాయుడు అని మనం అనుకునేచోట నాయకన్, నాయక్కర్, ఇంగ్లీషులో అయితే నాయికన్ అని కూడా రాసినారు. ఇంటిపేరు రాయడం తమిళ పక్కన అలవాటు లేదు, తండ్రి పేరే ముందు అక్షరంగా ఉంటుంది. అందుకని ఇంటిపేరుతో వెతికితే జన్మకు దొరకదు. తండ్రి పేరు, ఊరు పట్టుకొని పోవాలి.

తేదీలు ఇంకో చిక్కు. తిరునల్వేలి పక్క పాత పత్రాల్లో కొల్లం ఆండు ఉంటుంది. దానికి 825 కలపండి, ఆవణినుంచి డిసెంబరు లోపల అయితే 824. అది లేక ఉత్త సంవత్సరం పేరే ఉంటే, అరవై ఏళ్ళకొకసారి అదే పేరు వస్తుంది. శార్వరి అంటే 1840 కావచ్చు, 1900 కావచ్చు, 1960 కావచ్చు. మామూలు పత్రం అయితే స్టాంపు మీద విక్టోరియా రాణి ఉందా, ఎడ్వర్డ్ రాజు ఉన్నాడా, జార్జి ఉన్నాడా చూసి తేల్చేయొచ్చు. ఉయిల్‌కు ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే ఉయిల్‌కు స్టాంపు కాయితం అక్కర లేదు. వెళ్ళైత్తాళ్ మీద రాస్తే చాలు. దీనివల్ల జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు అటక మీది మూట దింపుతారు, స్టాంపు ఉన్నవన్నీ పత్రాలని దాచుకుంటారు, ఉత్త కాయితాలు పాతకాయితాలవాడికి కిలో లెక్కన వేస్తారు. ఉయిల్ ఆ ఉత్త కాయితాల్లో ఉంటుంది. దయచేసి మూట దింపిన రోజు తమిళం చదవగలిగిన పెద్దవాళ్ళు ఒకరు దగ్గర ఉండేటట్టు చూడండి.

దొరికితే కింది పక్క సాక్షుల పేర్లు చదవండి. మామూలుగా వాళ్ళు మేనమామలో, వియ్యంకులో, పక్క చేనివాళ్ళో అయి ఉంటారు. ఏ ఊరితో సంబంధం కలుపుకున్నారో అక్కడ తెలుస్తుంది. సంతకం చేసినాడా, వేలిముద్ర వేసినాడా, సంతకం అయితే తెలుగులోనా తమిళంలోనా అనేది కూడా రాసుకోండి. తాత తెలుగులో సంతకం చేసినాడంటే ఆ ఇంట్లో తెలుగు చదువు ఏ తరం దాకా ఉందో లెక్క దొరికినట్టే. ఎందరో ఇండ్లలో తెలుగు అక్షరం ఎప్పుడు పోయిందో చెప్పే ఒకే ఆధారం అది.

ఆడపిల్లల హక్కు గురించి ఒక మాట. కొడుకులతో సమానంగా కూతురికి ఉమ్మడి ఆస్తిలో భాగం అని ఆంధ్రప్రదేశ్‌లో 1985నుంచి చెల్లేటట్టు చట్టం చేసినారు, తమిళనాడులో 1989లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. 1908లో మా ముత్తాతకు అదేమీ లేదు. చేతిలో ఉన్నది ఒక బావి, ఒక వెళ్ళైత్తాళ్.

దరఖాస్తులో ఊరి పేరు ఒక్కటే రకంగా రాయవద్దు. మన ఊరిది ఇంగ్లీషులో డబ్ల్యూతో మొదలయ్యే పాత రాత ఒకటి, వీతో మొదలయ్యే ఇప్పటి పొడుగు రాత ఒకటి, తమిళంలో వత్తిరాయిరుప్పు. మూడూ రాయండి. ఇంట్లో ఇప్పటికే ఉయిల్ దొరికినవాళ్ళు ఫోటో తీసేటప్పుడు వెనక పక్క కూడా తీయండి. రిజిస్టరు చేసినదైతే ఎన్నో నంబరు, ఏ పుస్తకం, ఎన్నో వాల్యూం, ఏ పేజీలు, ఏ ఏడాది, అంతా వెనకనే ఉంటుంది. నాకు వచ్చిన ఫోటోల్లో వెనక పక్క ఉన్నది చాలా తక్కువ. అది ఉంటే దేనికి దరఖాస్తు పెట్టాలో నేను చదివి చెబుతా.